ఎవరి గుట్టు, ఎవరి ప్రాణం

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్త ఒకటుంది. ఫలానా కాలనీలో వ్యభిచార గృహంపై పోలీసుల దాడి, ముగ్గురు మహిళలు, ఇద్దరు విటులు అరెస్టు. కాలనీ పేరు ఉంటుంది. ఇల్లు నడిపే ఆమె పేరు ఉంటుంది. పట్టుబడిన ఆడవాళ్లది ఏ మండలమో ఉంటుంది. పక్కనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని స్టేషన్ నేల మీద కూర్చున్న ఫోటో. మొహం కనపడకపోయినా చీరని బట్టి, చేతి గాజులని బట్టి వాళ్లూరి వాళ్లు గుర్తుపట్టేస్తారు. విటులు మాత్రం ఒట్టి అంకె. వాళ్లకి ఊరుండదు, ఉద్యోగం ఉండదు, ఇంట్లో ఇల్లాలుండదు.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం పట్టించుకుంది. దాడులప్పుడు గానీ, 'విముక్తి' చేసినప్పుడు గానీ సెక్స్ వర్కర్ల గుర్తింపు బయటపడకుండా, ఫోటోలు అచ్చు కాకుండా పత్రికలు జాగ్రత్తపడేలా మార్గదర్శకాలు ఇవ్వాలని ప్రెస్ కౌన్సిల్‌కి చెప్పింది. ఆ తర్వాత మా వైపు ఫోటోలు కొంత తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఈ అన్యాయం మీద మన సమావేశాల్లో ఎప్పుడు మాటొచ్చినా ఎవరో ఒకరు లేచి, "అయితే వాళ్ల పేర్లు కూడా వేయించండి, ఆ పెద్దమనుషుల బండారం బయటపడుతుంది" అంటారు. చప్పట్లు కూడా పడతాయి. ఆ కోపం నాకు తెలుసు. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో హెచ్‌ఐవి నివారణ పనిలో పదేళ్లకు పైగా ఈ స్త్రీలతో కలిసి తిరిగిన దాన్నిగా నేను ఆ మాటతో ఏకీభవించలేను. అలాగని మగవాడి గుట్టుని ఇప్పుడున్నట్టే కాపాడుకుంటూ పోదామనీ అనలేను. ఆ గుట్టు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో దగ్గరనుంచి చూశాను.

మా జిల్లాల్లో ఈ పని ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. కోల్‌కతాలో సోనాగాచి, ముంబైలో కామాటిపుర లాంటి పేట మా దగ్గర లేదు. ఉన్నదల్లా ఇచ్ఛాపురం దాకా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలు మార్గం, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సాలూరు మీదుగా ఒడిశా వైపు ఎక్కే ఘాట్ రోడ్డు. సాలూరు లారీలకు ఎంత పేరో అందరికీ తెలుసు. లారీ వాళ్లనే అంటున్నానని అనుకోవద్దు. కారులో వచ్చేవాళ్లు, మోటారు సైకిల్ మీద వచ్చేవాళ్లు, మర్యాదగా లాడ్జికి పిలిచే ఉద్యోగస్తులు, అందరూ ఉన్నారు. పగలు కూలికో, జీడిపప్పు వలవడానికో, ఇళ్లల్లో పాచి పనికో వెళ్లే స్త్రీ వారంలో రెండు మూడు రోజులు ఈ పని చేస్తుంది. ఇంట్లో తెలియదు, లేదా తెలిసీ తెలియనట్టు ఉంటారు. ఫోనొస్తే బయల్దేరుతుంది. పేటలో అయితే పక్క గదిలో ఇంకో మనిషి ఉంటుంది, కేక వేస్తే వినపడుతుంది. ఇక్కడ సరుగుడు తోటలో, సగం కట్టిన అపార్టుమెంటులో, హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోయిన షెడ్డులో కేక వేస్తే వినేదెవరు?

దెబ్బలు, డబ్బు ఎగ్గొట్టడం, ఉన్న నాలుగు వందలూ, చెవి దుద్దులూ లాక్కుని తోసెయ్యడం, ఇవి వాళ్లు ఫిర్యాదుల కింద కూడా చెప్పరు. "అది ఉన్నదే కదమ్మా" అంటారు. గొంతు తగ్గించి చెప్పేది ఇంకొకటి. ఫోనులో మాట్లాడినవాడు ఒకడు. తీరా అక్కడికెళితే నలుగురు ఉంటారు. ఒకరికి ఒప్పుకున్న మనిషి మీద నలుగురు పడితే అది సామూహిక అత్యాచారం. డబ్బు తీసుకుందా లేదా అన్నదాంతో దానికి పని లేదు. కానీ స్టేషన్‌కి వెళ్లి ఎవరని చెబుతుంది? "రాజు అన్నాడు, తెల్ల చొక్కా, తాగి ఉన్నాడు." ఆ రాజు పేరు రాజు కాదని ఆమెకి మొదటి నిమిషంలోనే తెలుసు.

పేరు అడగదు. ఎందుకడగదని మీరు అనవచ్చు. నేనూ అడిగాను. శ్రీకాకుళం వైపు ఒకామె నవ్వి ఇచ్చిన జవాబు ఇది: "ఆడి పేరు నాకెందుకమ్మా? అడిగితే బేరం పోద్ది. సెప్పినా అబద్దమే సెప్తాడు. బండి నంబరు సాలు." ఈ సమస్య మీద నేను చదివిన నివేదికలన్నిటికంటే ఆ మాటలో ఎక్కువ తెలివి ఉందని నాకనిపిస్తుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక్కడ మన సంస్థల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. నివారణ కార్యక్రమాలకు నిధులు ఎవరివైనా కాగితాల తీరు ఒకటే. ఆమెకో కోడ్ నంబరు, పేరు, వయసు, ఎక్కడ దొరుకుతుంది, పని ఇంటి దగ్గరా రోడ్డు మీదా లాడ్జిలోనా, ఎప్పుడు పరీక్ష చేయించుకుంది, ఎన్ని కండోములు కావాలి, అన్నీ రాస్తాం. అతని గురించి రాసేది ఒక్కటే: వారానికి ఎంతమంది. అదీ కండోముల లెక్క కోసం. జబ్బు ఆమె నుంచి అతనికి అంటకూడదు, అతని నుంచి ఇంట్లో ఇల్లాలికి అంటకూడదు అనే దృష్టితో పుట్టిన కాగితాలవి. ఆమెకి అతని వల్ల జబ్బు తప్ప ఇంకేదైనా ప్రమాదం రావచ్చునన్న ఊహ ఆ గళ్లల్లో లేదు.

విజయనగరం వాళ్లం కాబట్టి మధురవాణిని తలుచుకోకుండా ఉండలేం. 1892లో మా ఊళ్లో ఆడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ తిరగరాసిన కన్యాశుల్కంలో మగవాళ్ల గుట్లన్నీ ఉన్నది ఆమె చేతిలోనే. ఆమె మంచం కింద దూరిన రామప్పంతులు, గిరీశం పగలు బయట పెద్దమనుషులే. వాళ్ల గుట్టుని ఆమె అంగట్లో పెట్టదు. వృత్తిలో అది మర్యాద అని ఆమెకి తెలుసు, తన బతుకు కూడా దానితోనే ముడిపడి ఉందనీ తెలుసు. కానీ బుచ్చమ్మని గిరీశం మోసం చెయ్యబోతున్నాడని తెలిశాక సౌజన్యారావు దగ్గరికి వెళ్లి గిరీశం సంగతి చెప్పేస్తుంది. నేను అడుగుతున్న న్యాయం సరిగ్గా అదే: ఎవరికీ హాని చెయ్యనంతకాలం అతని గుట్టు అతనిది, చేతులెత్తిన రోజున అది అతనిది కాదు. ఇంకో సంగతి కూడా మరవకూడదు. సానివాళ్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న సంస్కర్తకి నిజం చెప్పడానికి ఆమె మగవేషం వేసుకుని పోవాల్సొచ్చింది. మొహం దాచుకోవాల్సొచ్చింది అక్కడా ఆమెకే.

ఇప్పుడు చట్టం సంగతి. 1956లో చేసి, 1986లో సవరించి పేరు మార్చిన అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం డబ్బుకి ఒళ్లమ్ముకోవడం దానికదిగా నేరం కాదు. దాని చుట్టూ ఉన్నదంతా నేరం. ఆ చుట్టూ ఉన్నదాంట్లోనే ఆమెకి రక్షణ అనేదేదైనా ఉంటే ఉంటుంది. అదే ఇందులోని క్రూరత్వం.

చూడండి, ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఒక గది అద్దెకి తీసుకుని, ఒకరు లోపలుంటే ఇంకొకరు వరండాలో కూర్చుందామనుకున్నారు. ఇద్దరికీ లాభం కలిగే చోటు కనక ఆ గది చట్టం దృష్టిలో 'బ్రోతల్'. ఒంటరిగా ఉంటే నేరం లేదు, తోడు పెట్టుకుంటే నేరం. పోనీ నమ్మకమైన ఆటో అబ్బాయిని మాట్లాడుకుని, "నన్ను దింపి అక్కడే ఉండు, అరగంటలో రాకపోతే తలుపు కొట్టు" అందనుకోండి. ఆమె సంపాదన మీద బతుకుతున్నాడని వాడి మీద 4వ సెక్షన్ పెట్టొచ్చు. ఆ సెక్షన్ పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరికైనా వర్తిస్తుంది, మనవల్ని చూసుకుంటూ ఆ తిండే తినే ముసలి తల్లితో సహా. రోడ్డు మీద నిలబడి నింపాదిగా మాట్లాడి మనిషిని అంచనా వేద్దామంటే 8వ సెక్షన్ ఉంది. పిలిచిన ఆడదానికి మొదటిసారి ఆరు నెలల దాకా జైలు. అదే పని మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. శిక్ష సంగతి అలా ఉంచండి. పోలీసు జీపు వచ్చేలోపు బండెక్కెయ్యాలన్న తొందరలో ఆమె మనిషి మొహం కూడా సరిగా చూడదు. లోపల ఎంతమంది ఉన్నారో చూడదు. ఎక్కేస్తుంది.

బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసునే తీసుకోండి. మనం ఆ పేరుని 2022 నాటి ఆదేశాలతోనే గుర్తుపెట్టుకున్నాం గానీ ఆ కేసు మొదలు ఒక హత్య. 1999లో కోల్‌కతాలో తనని కాదందని ఒక సెక్స్ వర్కర్‌ని తల నేలకేసి, గోడకేసి కొట్టి చంపాడు. 2011 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసి, ఆ కేసునే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా మార్చింది. అతనికి శిక్ష ఎలా పడింది? అదే ఇంట్లో ఉంటున్న ఆడవాళ్లు కళ్లారా చూసి చెప్పిన సాక్ష్యం మీద పడింది. అంటే ఏ ఇంటిని చట్టం బ్రోతల్ అంటుందో, ఆ ఇంట్లో తోటి ఆడవాళ్లు ఉండబట్టే హంతకుడు దొరికాడు. మా సరుగుడు తోటల్లో అయితే ఆ కేసే ఉండేది కాదు. గుర్తుతెలియని మహిళ మృతదేహం అని నాలుగు లైన్ల వార్త ఉండేది.

కస్టమర్ మీద కేసు పెట్టొచ్చా అన్నదాని మీద కోర్టుల్లో వాదం నడుస్తూనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2014లో 3, 4, 5 సెక్షన్లు కస్టమర్‌కి వర్తించవంది. కేరళ హైకోర్టు 2025లో 5వ సెక్షన్ కింద కేసు నడపొచ్చంది. నాకు ఈ వాదంలో పెద్ద ఆసక్తి లేదు. డబ్బిచ్చి, మాట ప్రకారం నడిచి వెళ్లిపోయినవాడిని జైల్లో పెడితే ఆమెకి ఒరిగేది ఆ రాత్రి పస్తు. కొట్టినవాడిని, నలుగుర్ని వెంటేసుకొచ్చినవాడిని పట్టుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్న శిక్షాస్మృతి చాలు. అది ఆమెకి ఎందుకు అందడం లేదన్నదే ప్రశ్న.

అందకపోవడానికి పెద్ద చరిత్రే ఉంది. 1978లో హైదరాబాదు రమీజాబీ కేసు ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆమె వ్యభిచారిణి అని నిరూపించడానికి ఎంత గుంపు కట్టారో, అలా అనేస్తే ఇక అత్యాచారం జరగనట్టేనని ఎలా వాదించారో మనకి గుర్తుంది. విచారణ కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు రాయచూరుకి మారింది, నిందితులు 1981లో విడుదలయ్యారు. అత్యాచారం కేసులో ఆమె 'నడత' మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని తీసిపారెయ్యడానికి వీలిచ్చే సాక్ష్య చట్టం 155(4) నిబంధన 2003 దాకా పోలేదు. మధ్యలో 1990లో మర్దీకర్ కేసులో సుప్రీంకోర్టు, నడత ఎలాంటిదని పేరుపడిన స్త్రీకైనా తన ఏకాంతం మీద హక్కు ఉందని, ఎవడు పడితే వాడు ఆమె గడప తొక్కడానికి లేదని చెప్పింది. కాగితం మీద చాలా దూరమే వచ్చాం. స్టేషన్ గుమ్మం దగ్గర మాత్రం ఇప్పటికీ ఆమె ముందు తన వృత్తి ఒప్పుకోవాలి, తర్వాతే తనకు జరిగింది చెప్పుకోవాలి. మొదటిది చెప్పగానే రెండోది వినడం మానేస్తారు.

ఇందుకే పేర్లు ప్రచురించమనే వాదం నాకు నచ్చదు. పత్రికల్లో పేర్లు పడతాయని తెలిస్తే ఈ మగవాళ్లు ఆగిపోరు. ఇంకా చీకటైన చోటు వెతుకుతారు. ఫోన్ నంబర్లు మారుస్తారు. ఆమె ఇంకా దూరం వెళ్లాల్సొస్తుంది. పేరు పడకుండా ఉండాలంటే ఇంతివ్వు అనే వ్యాపారం స్టేషన్లలోనూ, కొన్ని విలేకరుల బల్లల మీదా మొదలవుతుంది. ఆ డబ్బు తిరిగి ఆమె మీదే తీర్చుకుంటారు. ఇక ఆ పేరు చూసి తలెత్తుకోలేని మనిషి అతనికంటే ముందు అతని భార్య. ఆమె మన మనిషి కాదా? స్వీడన్‌లో 1999 నుంచి అమ్మడం నేరం కాదు, కొనడం నేరం. చాలామంది స్త్రీవాదులకి అది ఆదర్శం. కానీ అక్కడి సెక్స్ వర్కర్ల సంఘాలు చెప్పేది ఏమిటంటే, పట్టుబడతానన్న భయంతో వచ్చేవాడు తన గురించి ఒక్క నిజమూ చెప్పడు, అందరూ ఉన్నచోటికి రానంటాడు. దానితో వచ్చినవాడు ఎలాంటివాడో కనుక్కునే వీలు ఆమెకే పోతుంది.

దీనికి ఎదురుగా కెనడా ఉంది. వాంకూవర్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఆడవాళ్లు మాయమైపోతుంటే పోలీసులు కదల్లేదు. చివరికి ఒక పందుల ఫారం మనిషి 2007లో ఆరు హత్యలకి దోషిగా తేలాడు. 2013 డిసెంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు బెడ్‌ఫోర్డ్ కేసులో, రోడ్డు మీద కస్టమర్‌తో మాట్లాడి అంచనా వేసుకునే అవకాశాన్ని, ఇంటి లోపల పనిచేసే అవకాశాన్ని, కాపలా మనిషిని పెట్టుకునే అవకాశాన్ని తీసేసిన చట్టాలు ఈ స్త్రీల ప్రాణాల మీదికి తెస్తున్నాయని కొట్టేసింది. తర్వాతి ఏడాది అక్కడి ప్రభుత్వం కొనడాన్ని నేరం చేసి కథ మళ్లీ మొదటికి తెచ్చిందనుకోండి, అది వేరే సంగతి. న్యూజిలాండ్‌లో 2003 చట్టం నలుగురు దాకా స్త్రీలు ఏ సర్టిఫికెట్టూ లేకుండా కలిసి పనిచేసుకోవచ్చంది. మన 1956 నాటి నిర్వచనం పక్కన దీన్ని పెట్టి చూడండి.

సరే, మా ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? చట్టం మారేదాకా కూర్చోలేదు. బండెక్కే ముందు ఫోను తీసి, అతను వినేట్టుగానే గట్టిగా చెబుతారు: "అప్పా, నాను ఫలానా నంబరు బండిలో ఎల్తన్నాను. పదింటికల్లా వచ్చెత్తాను. రాపోతే సూడు." అవతల అప్ప ఉందో లేదో కూడా అతనికి తెలియదు. ఒక్కోసారి ఫోనులో బ్యాలెన్సు ఉండదు, ఒట్టి ఫోనే చెవి దగ్గర పెట్టుకుంటుంది. నంబరు ఇంకొకరికి తెలిసిందన్న ఎరుక చాలు, చెయ్యి కాస్త వెనక్కి వస్తుంది. కొందరు అది విని బండి తీసుకుని వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాడు ఎందుకు వెళ్లిపోయాడో ఆలోచిస్తే, పోయిన డబ్బు గురించి బాధపడక్కర్లేదు. కానీ ఇంట్లో బియ్యం లేని రోజున, వడ్డీ మనిషి గుమ్మంలో కూర్చున్న రోజున, ఈ జాగ్రత్త ఎవరూ పాటించలేరు. ఎక్కువ ప్రమాదంలో పడేది ఆ రోజుల్లోనే.

ఈ పద్ధతిలో గమనించాల్సింది ఒకటుంది. అతని పేరు, ఊరు, కులం, ఉద్యోగం ఏదీ ఎవరికీ అక్కర్లేదు. నంబరు ఇంకొకామె దగ్గర రెండు గంటలు ఉంటుంది. క్షేమంగా తిరిగొస్తే అక్కడితో మర్చిపోతారు. తిరిగి రాకపోతేనే అది బయటికొస్తుంది. ఇంతకంటే అతని గుట్టుని గౌరవించే పద్ధతి ఇంకేముంటుంది? హాని తలపెట్టనివాడికి దీనివల్ల రవ్వంత నష్టం లేదు. అభ్యంతరం చెప్పేవాడెవడో వాడి గురించే మనం భయపడాలి.

రెండో రకం జ్ఞాపకం కూడా ఉంది. ఫలానా మోటారు సైకిల్ వాడు కొడతాడు, ఎడం చేతి మీద మచ్చ, లైనులో ఎవరూ ఎక్కొద్దు అని ఒకరికొకరు చెప్పుకోవడం. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు సెక్స్ వర్కర్ల సంఘం 1986లోనే ఇలాంటి హెచ్చరికల్ని కాగితం మీద వేసి పంచింది. బ్రిటన్‌లో 2012 నుంచి దేశమంతటికీ ఒక ఏర్పాటుగా నడుస్తోంది. అక్కడ ఫిర్యాదు చేసిన స్త్రీ ఒప్పుకుంటేనే, అదీ ఆమె పేరు లేకుండా, సమాచారం పోలీసులకి చేరుతుంది. మన దగ్గర దీన్ని నోటి మాటగానే నడుపుతున్నారు. దీన్ని ఒక పుస్తకంలో రాసి ఆఫీసులో పెడదాం, కంప్యూటర్‌లోకి ఎక్కిద్దాం అని ఉత్సాహపడే సంస్థల వాళ్లు నాకు కొందరు తెలుసు. కాస్త ఆగండి అంటాను. ఆ పుస్తకం దాడిలో దొరికితే ఏమవుతుంది? నంబర్లు రాసుకున్న ఆమె బ్రోకర్ అవుతుంది. పుస్తకం కస్టమర్ల జాబితా అవుతుంది. అందులో ఒక పలుకుబడి ఉన్నవాడి నంబరుంటే ఆ స్త్రీల మీద బెదిరించి డబ్బు గుంజారన్న కేసు అవుతుంది. దాడుల్లో మొట్టమొదట లాక్కునేది ఫోన్లే. ఇంకో మాట, ఆ పుస్తకం సంస్థదైతే రేపు మూల్యాంకనానికి వచ్చిన ప్రతివాళ్లూ తిరగేస్తారు. అది ఆ స్త్రీల సంఘం చేతిలో, వాళ్లకి నచ్చిన గుర్తులతో, హాని చేసినవాడి వివరాలు మాత్రమే ఉండేలా ఉండాలి. మంచిగా నడిచినవాడి ఊసు అందులో ఉండకూడదు. మనం చెయ్యగలిగింది వాళ్లకి ఒక వకీలుని, తాళం ఉన్న ఒక పెట్టెని చూపించడం. తాళంచెవి మన దగ్గర ఉంచుకోకపోవడం.

ఫోన్లొచ్చాక గుట్టు స్వరూపమే మారింది. మునుపు అతనూ ఆమె పేరు ఎరగడు. ఇప్పుడు ఫోన్‌పేలో డబ్బు వేస్తే బ్యాంకులో ఉన్న ఆమె అసలు పేరు, ఇంటిపేరుతో సహా అతని తెర మీద కనపడుతుంది. అతని పేరు కూడా ఆమెకి కనపడుతుంది గనక అతను నోట్లే ఇస్తాడు, లేదా పక్కవాడి ఫోను నుంచి వేయిస్తాడు. తన పేరు తెలిసిపోతుందని ఆలోచించే తీరిక అతనికుంది, ఆమెకి లేదు. ఆ పేరు పట్టుకుని ఊరు కనుక్కుని, "మీ అబ్బాయి స్కూలు దగ్గరికి వస్తాను" అన్నవాళ్లున్నారు. చాటుగా వీడియో తీసి, మళ్లీ ఉచితంగా రమ్మని బెదిరించేవాళ్లున్నారు. కాబట్టి గుట్టు అన్నప్పుడు అతని గుట్టు ఒక్కటే మన కళ్లముందు మెదలడం కూడా పాత అలవాటే. అతనికి పోయేది పరువు. ఆమెకి పరువుతో పాటు ఇల్లు, పిల్లలు, ఒక్కోసారి ప్రాణం. 2017లో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కంది. అది ఇద్దరికీ ఉంది. కానీ ఒకరి గోప్యత ఇంకొకరిని కొట్టి పారిపోవడానికి తలుపు కాకూడదు కదా.

మనలో కొందరికి ఈ వ్యాసం మొత్తం మీదే అభ్యంతరం ఉంటుందని తెలుసు. ఇదంతా హింసే, ఇందులో భద్రత ఏమిటి, బయటికి తీసుకురావడమే పరిష్కారం అంటారు. 1990ల నుంచీ మన పత్రికల్లో ఈ వాదం ఉంది, తెగలేదు, ఇక్కడ తెంచాలని నాకు లేదు. వచ్చేద్దామనుకునే ప్రతి ఒక్కరికీ దారి ఉండాలి, మైనర్లని తెచ్చి దింపేవాళ్లని వదలకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆమె ఈ పని ఎప్పటికి మానుతుందో తేలేలోగా ఈ రాత్రి బండెక్కుతోంది.

అందుచేత అడగవలసినవి అడుగుదాం. ఇద్దరు స్త్రీలు కలిసి ఉన్న గదిని బ్రోతల్ అనే నిర్వచనం పోవాలి. ఆమెకి తోడున్న మనిషినీ, ఆమె తిండి తినే తల్లినీ నేరస్తుల్ని చేసే 4వ సెక్షన్ మారాలి. హింస మీద ఫిర్యాదుకి వచ్చినామె మీద అనైతిక వ్యాపార చట్టం కింద కేసు పెట్టబోమని రెండు జిల్లాల ఎస్పీలు స్టేషన్లకి రాతపూర్వకంగా చెప్పాలి. 2022 ఆదేశాల్లో సెక్స్ వర్కర్ ఫిర్యాదుని తేలిగ్గా తీసుకోవద్దన్న మాట ఉంది కనక ఇది కొత్త కోరికేమీ కాదు. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టంలో సంఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని స్పష్టంగా ఉంది. రణస్థలంలో బండెక్కి టెక్కలి దాటాక దెబ్బలు తిన్న మనిషికి ఇది చాలా పనికొచ్చే సంగతి. "మా పరిధి కాదు" అన్న మాట విని ఇంటికి తిరిగొచ్చినవాళ్లు ఎంతమందో!

ఇవన్నీ జరగడానికి టైము పడుతుంది. ఈలోగా ఇంకొక చిన్న పని ఉంది. 112కి ఫోను చేస్తే పోలీసులొస్తారని ఆ స్త్రీలు చెయ్యరు. 181కి చేసి తామెవరో చెప్పడానికి సంకోచిస్తారు. పీర్ ఎడ్యుకేటర్లు సంఘం సమావేశాల్లో అడుగుతున్నది రాత్రిపూట ఎత్తే ఒక ఫోను. బండి నంబరు చెబితే రాసుకుని, చెప్పిన వేళకి ఆమె నుంచి కబురు రాకపోతే ఇద్దరు మనుషుల్ని, ఒక వకీలుని కదిపి, తిరిగొస్తే ఆ కాగితం చింపేసే ఫోను. రెండు జిల్లాలకీ కలిపి నలుగురు మనుషులు, రెండు సిమ్‌లు, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు దాకా వంతులవారీగా. నేను చూసిన ఏ ప్రాజెక్టు బడ్జెట్‌లోనూ దీనికి పద్దు లేదు. మీ సంస్థలో రాత్రి కూర్చోగల మనిషి ఎవరైనా ఉంటే, నెలకి ఎన్ని రాత్రులో, జీతం ఎవరివ్వగలరో ఈ పత్రికకి రాయండి.